గెడ్డలో ఒక అడవి, గట్టు మీద ఇంకో అడవి: ఏ లక్షణాలు కొలిస్తే తేలుతుంది?

గుణుపురం_గెడ్డ

అందరికీ నమస్కారం. గజపతి, రాయగడ జిల్లాలు కలిసేచోట కొండల్లో 24 ప్లాట్లు వేసి చెట్లు లెక్కపెట్టాం. ఒక్కో ప్లాటు 20×50 మీటర్లు. ఛాతీ ఎత్తున 10 సెం.మీ. మందం దాటిన ప్రతి మానూ లెక్కలో ఉంది. ప్లాట్లు 300 మీటర్ల ఎత్తు నుంచి 1,100 మీటర్ల దాకా ఉన్నాయి.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, గెడ్డ (కొండవాగు) వెంబడి జీలుగు, సంపెంగ, అడవి మామిడి, రెండు మూడు రకాల నేరేళ్ళు, పైన అక్కడక్కడ చెట్టు ఫెర్నులు ఉన్నాయి. అక్కణ్ణుంచి నూటయాభై మీటర్లు గట్టెక్కితే గుగ్గిలం (సాల్), నల్లమద్ది, వేగిస, సారపప్పు, తునికి. రెండు చోట్లా పడే వాన ఒకటే. వరల్డ్‌క్లిమ్ అనే వాతావరణ మ్యాపుల్లోంచి బయోక్లైమ్ పొరలు 19 కూడా తీసి మాక్సెంట్‌లో (ఏ జాతి ఎక్కడ ఉండగలదో అంచనా కట్టే ప్రోగ్రాములో) వేస్తే, గెడ్డ చెట్లకి కొండ మొత్తం అనుకూలమే అంటోంది. ఏయూసీ (అంచనాకి వేసే మార్కు, 1 అంటే పూర్తి మార్కులు) 0.94 వచ్చింది గానీ మ్యాపు చూస్తే నవ్వొస్తోంది.

ఇప్పుడు ఆకు, కలప, గింజ లక్షణాలు కొలిచి వాతావరణంతో కలిపి చూద్దామనుకుంటున్నాం. దగ్గరున్నవి 0.001 గ్రాముల తక్కెడ, ఓవెన్, మామూలు స్కానర్. ఆకులో నీటి స్థితి కొలిచే ఆస్మోమీటరు, ప్రెషర్ ఛాంబరు లేవు, వచ్చే దారీ లేదు. ఏది కొలవాలి, ఏది వదిలెయ్యాలి? వాతావరణం వైపు ఏం మార్చాలి?

ఏరుమద్ది

ముందు ఆ 0.94 ని పక్కన పెట్టండి. బ్యాక్‌గ్రౌండ్‌గా, అంటే పోల్చి చూసే ప్రాంతంగా, ఒడిశా మొత్తమో దేశం మొత్తమో ఇచ్చి ఉంటారు. అప్పుడది మీ కొండకీ పడమటి ఒడిశాలోని బలంగీర్‌కీ తేడా కనిపెట్టినందుకే మార్కులు వేసేసుకుంటుంది. గెడ్డకీ గట్టుకీ తేడా చెప్పమని మీరు దాన్ని అడగనే లేదు. బ్యాక్‌గ్రౌండుని మీ కొండల వరకే కుదిస్తే ఏయూసీ పడిపోతుంది. పడిపోయిన ఆ అంకే నిజానికి దగ్గర.

రెండోది. మీ 24 ప్లాట్లు ఎన్ని గడుల్లో పడ్డాయో లెక్కపెట్టండి. వరల్డ్‌క్లిమ్ గడి సుమారు ఒక కిలోమీటరు. గెడ్డా గట్టూ ఒకే గడిలో ఉంటే రెండిటికీ అదే అంకె వస్తుంది. 24 ప్లాట్లు 9 గడుల్లో సర్దుకుంటే, వాతావరణం విషయంలో మీ దగ్గరున్నవి 9 కొలతలే. పీ విలువ (ఫలితం కాకతాళీయమా కాదా చెప్పే అంకె) ఎంత బాగా వచ్చినా నమ్మకండి.

పడే వాన ఒకటే, ఒప్పుకుంటాను. తేడా అంతా ఆరబెట్టే గాలిలో ఉంది. ఏప్రిల్ మధ్యాహ్నం గట్టు మీద 40 డిగ్రీలు, తేమ 25 శాతం అనుకోండి. 40 డిగ్రీల దగ్గర గాలి పట్టగల ఆవిరి పీడనం 7.38 కిలోపాస్కల్. అందులో ముప్పాతిక భాగం ఖాళీ, అంటే లోటు 5.5. అదే గంటలో గెడ్డ నీడలో 32 డిగ్రీలు, తేమ 60 శాతం ఉంటే 4.76 లో 40 శాతం, అంటే లోటు 1.9. ఆకులోంచి నీళ్ళు లాగే బలం గట్టు మీద దాదాపు మూడింతలు. ఈ తేడా ఏ ఉపగ్రహ పొరలోనూ ఉండదు, కొలుచుకోవాల్సిందే.

కొలవడానికి తేమ, ఉష్ణోగ్రత రెండూ రాసుకునే చిన్న లాగర్లు చాలు. ఆరు జతలు పెట్టండి: ఒక్కో జతలో ఒకటి గెడ్డలో, ఒకటి గట్టు మీద, ఫిబ్రవరి మొదలు జూన్ ఆఖరు దాకా, అరగంటకో రీడింగు. ఎత్తు ఛాతీ దగ్గర కాదు, నేల నుంచి 20 సెం.మీ. అక్కడే మొలక బతుకుతుంది లేదా చస్తుంది. ఎండ నేరుగా తగిలితే రీడింగు చాలా డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి తెల్లని పీవీసీ పైపు ముక్కలో, రెండు చివర్లూ తెరిచి, అడ్డంగా వేలాడదీయండి. కోతులు లాగేస్తాయి, పల్చటి ఇనపతీగతో వేరుకి కట్టండి. పెట్టేముందు అన్నిటినీ ఒకే గదిలో ఒక రాత్రి ఉంచి, వాటిలో వాటికున్న తేడా రాసుకోండి. ఇది మర్చిపోతే తర్వాత వచ్చిన రెండు డిగ్రీల తేడా కొండదో పరికరందో చెప్పలేరు.

ఏడాది మొత్తం వాన అనే అంకె మీద మోజు తగ్గించుకోండి. మహాబలేశ్వరంలో 5,000 మి.మీ. పైనే పడుతుంది. అయినా అక్కడి పచ్చడవి పొట్టిది. అల్లి, నేరేడు జాతుల్లాంటి గట్టి ఆకుల చెట్లదే రాజ్యం. ఎందుకంటే ఆ వానంతా నాలుగు నెలల్లో పడిపోతుంది, మిగతా ఏడెనిమిది నెలలు ఎండు. పడమటి కనుమల దక్షిణ కొసన ఎండు నెలలు రెండు మూడే. అక్కణ్ణుంచి ఉత్తరానికి వస్తున్నకొద్దీ ఎండు నెలలు పెరుగుతాయి, పచ్చడవి చెట్ల జాతులు ఒక్కొక్కటే తప్పుకుంటాయి. వాన మొత్తం తగ్గకపోయినా సరే.

ఎండు నెల అంటే ఏదో కూడా తేల్చుకోవాలి. గౌసెన్ కొలత సులువు: నెల వాన మి.మీ.లలో, ఆ నెల సగటు ఉష్ణోగ్రతకి రెండింతల కన్నా తక్కువైతే అది ఎండు నెల. ఏప్రిల్ సగటు 30 డిగ్రీలుంటే 60 మి.మీ. కావాలి. కొరాపుట్ పీఠభూమి మీద సగటు 27 అయితే 54 చాలు. మన వైపు రెండు సంగతులు ఈ లెక్కని మారుస్తాయి. అక్టోబరు తుపాను వాన ఎండాకాలం మొదలుని వెనక్కి నెడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కాలబైశాఖి (ఉరుముల గాలివాన) జల్లులు దాన్ని మధ్యలో తెగ్గొడతాయి. బయో17 (బాగా ఎండిన మూడు నెలల వాన) లాంటి మూడు నెలల మొత్తాల్లో ఈ తెగడం కనబడదు. 1981 నుంచి రోజువారీ ఉన్న చర్ప్స్ అనే వాన డేటా తీసుకుని, ప్రతి ఏడాదికీ వరసగా ఎన్ని రోజులు 5 మి.మీ. దాటిన వాన లేదో లెక్కించండి. సగటుతో పాటు అన్నిటికన్నా పొడుగైన కరువు కూడా రాయండి. వందేళ్ళు బతికే చెట్టుకి సగటు ఏడాది ఎంతో, చెడ్డ ఏడాదీ అంతే.

గెడ్డ లోతట్టు ఎప్పుడూ వెచ్చగా ఉంటుందనుకోవద్దు. పీఠభూమి మీద డిసెంబరు, జనవరి రాత్రుళ్ళు చల్లగాలి బరువుగా దిగి లోయలో నిలుస్తుంది. కంధమాల్ జిల్లా దారింగిబాడిలో మంచు గడ్డకట్టేది ఇందుకే. వరల్డ్‌క్లిమ్‌కి ముఖ్యంగా ఎత్తు పెరిగితే చలి పెరుగుతుందన్న లెక్కే తెలుసు. మీ పై ప్లాట్లలో లాగర్లని చలికాలం కూడా ఉంచితే మంచిది.

అడ్డాకు

లక్షణాల సంగతి నేను చెప్తాను. మీ దగ్గరున్న సామానుతో ఐదు కొలవచ్చు: ఆకు వైశాల్యం, ఎస్‌ఎల్‌ఏ (ఎండు బరువు గ్రాముకి ఎంత ఆకు వైశాల్యం), ఆకు పొడి శాతం (నిండు బరువులో ఎండు బరువు పాలు), కలప సాంద్రత, రంధ్రాలు మూసుకున్నాక కూడా ఆకు కార్చే నీరు. ఈ చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. మీ ప్రశ్నకి అన్నిటికన్నా దగ్గరి సమాధానం దాంట్లోనే ఉంది.

ఆకు కోయడం. జాతికి కనీసం ఐదు చెట్లు, చెట్టుకి నాలుగైదు ఆకులు. పూర్తిగా విచ్చి, ముదిరి, పురుగు తినని ఆకులు, వీలైనంత ఎండ తగిలే కొమ్మ నుంచి. దోటికి కొడవలి కట్టుకుంటే 8 మీటర్ల దాకా అందుతుంది. ఆకుని కాదు, చిన్న రెమ్మనే కోయండి. తడి కాగితంలో చుట్టి, సంచిలోకి కాస్త నోటి గాలి ఊది మూతెయ్యండి. ఎండలో పెట్టకండి. ఇంటికొచ్చాక రెమ్మ మొదలుని నీళ్ళలో ఉంచి మళ్ళీ కోసి, చీకట్లో రాత్రంతా వదిలేస్తే ఆకు నిండుగా నీరు పట్టుకుంటుంది. పొద్దున పైతడి తుడిచి తూచి వెంటనే స్కాన్ చెయ్యండి. తర్వాత ఓవెన్లో 70 డిగ్రీల దగ్గర 72 గంటలు. తీసిన ఆకు గాలిలో తేమ లాక్కుంటుంది. సిలికా జెల్ ఉన్న డబ్బాలో చల్లార్చి తూచాలి. వానాకాలంలో ఇది చెయ్యకపోతే బరువు పెరిగి ఎస్‌ఎల్‌ఏ తగ్గిపోతుంది.

లెక్క ఉదాహరణ: ఆకు 48 చ.సెం.మీ., నిండు బరువు 1.25 గ్రాములు, ఎండు బరువు 0.40. ఎస్‌ఎల్‌ఏ గ్రాముకి 120 చ.సెం.మీ. పొడి శాతం గ్రాముకి 320 మి.గ్రా.

కలపకి మాను తొలవక్కర్లేదు. వేలెడు మందం కొమ్మ, 5 సెం.మీ. ముక్క, బెరడు తీసెయ్యండి. మధ్యలో బెండు మరీ లావుగా ఉంటే అది కూడా. రాత్రంతా నీళ్ళలో నాననివ్వండి, లేదంటే ముంచినప్పుడు బుడగలు వచ్చి ఘనపరిమాణం తప్పుతుంది. తక్కెడ మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేసి, ముక్కని సన్నటి సూదికి గుచ్చి పూర్తిగా ముంచండి. గ్లాసు గోడకీ అడుగుకీ తగలకూడదు. తక్కెడ చూపించే గ్రాములే ఘన సెంటీమీటర్లు. 9.4 వచ్చి, 105 డిగ్రీల దగ్గర 72 గంటలు ఆరాక బరువు 6.1 అయితే సాంద్రత 0.65. కొమ్మ కలప, మాను కలప ఒకటి కావు. అన్ని జాతులకీ కొమ్మే తీసుకుంటే పోలికకి సరిపోతుంది. కొన్నిటికి పుస్తకాల్లో ఉన్న మాను అంకె, కొన్నిటికి కొమ్మ అంకె కలిపితే మాత్రం చెడుతుంది.

ఇక ఆకు కార్పు. ఆకు కోసి, తొడిమ తెగినచోట కొవ్వొత్తి మైనం గానీ గోళ్ళ రంగు గానీ పట్టించి, నీడలో ఫ్యాను గాలి తగిలేలా దారానికి వేలాడదీయండి. ప్రతి 20, 30 నిమిషాలకీ తూచండి. మొదటి గంట బరువు చకచకా పడిపోతుంది, ఎందుకంటే ఆకు మీది సన్నటి రంధ్రాలు ఇంకా తెరిచే ఉన్నాయి. తర్వాత గ్రాఫు సరళరేఖలోకి వస్తుంది. ఆ వాలే కావాలి. పక్కనే గాలి తేమ, ఉష్ణోగ్రత రాసుకోవాలి. పైన చెప్పిన 48 చ.సెం.మీ. ఆకు, రెండు వైపులూ కలిపి 0.0096 చదరపు మీటర్లు, అరగంటకి 24 మి.గ్రా. పోగొట్టుకుంటే, లోటు 2 కిలోపాస్కల్ ఉన్న గదిలో, చదరపు మీటరుకి సెకనుకి 3.9 మిల్లీమోల్ వస్తుంది. (24 ని 18 తో, తర్వాత 1,800 సెకన్లతో, తర్వాత వైశాల్యంతో, చివర్లో 2/101 తో భాగించండి.) వర్షం ఆగిపోయి, వేరుకి నీరందక, రంధ్రాలన్నీ మూసుకున్నాక చెట్టు ఎన్ని రోజులు బతుకుతుందో ఈ అంకె చెప్తుంది. ఆకు నలిగితే, పురుగు కొరికిన చిల్లుంటే అంకె విపరీతంగా పెరుగుతుంది. దాన్ని పారేసి ఇంకోటి తీసుకోండి.

ఒక్క హెచ్చరిక. ఎస్‌ఎల్‌ఏ మీద ఒక్కదాని మీదే ఆధారపడకండి.

గుణుపురం_గెడ్డ

@ఏరుమద్ది గారూ, లెక్కపెట్టాం. 24 ప్లాట్లు 11 గడుల్లో పడ్డాయి. సిగ్గుగానే ఉంది.

@అడ్డాకు గారూ, ఎస్‌ఎల్‌ఏ గురించి అన్న ఆఖరి మాట కాస్త విప్పి చెప్పండి. కిందటేడు 19 జాతులకి కొలిచాం. గెడ్డ చెట్లవీ గట్టు చెట్లవీ సగటు దాదాపు ఒకటే వచ్చింది. కొలతలోనే తప్పు ఉందేమో అని ఆ డేటా పక్కన పడేశాం.

అడ్డాకు

పడెయ్యకండి, అది తప్పు కాదు. ఎండని తట్టుకోవడానికి చెట్టుకి రెండు దార్లున్నాయి. ఒకటి, మందంగా, గట్టిగా ఆకు కట్టి రెండు మూడేళ్ళు నిలుపుకోవడం. ఎస్‌ఎల్‌ఏ తక్కువ. రెండోది, ఐదారు నెలలకి సరిపడా చవగ్గా, పల్చగా ఆకు వేసి ఎండాకాలానికి రాల్చెయ్యడం. ఎస్‌ఎల్‌ఏ ఎక్కువ. మీ గట్టు మీద రెండు రకాలూ ఉన్నాయి. గెడ్డలో మళ్ళీ ఎండ ఆకులు మందం, నీడ ఆకులు పల్చన. అన్నీ కలిపి సగటు తీస్తే తేడా చెరిగిపోక ఏమౌతుంది?

కాబట్టి ఎస్‌ఎల్‌ఏతో పాటు ప్రతి జాతికీ ఆకు లేని వారాలు ఎన్నో రాయండి. అది డబ్బు ఖర్చులేని లక్షణం: జాతికి పది చెట్లు గుర్తుపెట్టుకుని, డిసెంబరు నుంచి జూన్ దాకా పదిహేను రోజులకోసారి కొమ్మల్లో ఎంత శాతం ఆకు ఉందో కంటితో అంచనా కట్టడమే. ఇద్దరు విడివిడిగా అంచనా కట్టి సగటు తీసుకోండి. గుగ్గిలం లాంటివి మిమ్మల్ని తికమక పెడతాయి. పాతాకు రాలుతుండగానే కొత్త చిగురు వచ్చేస్తుంది, మోడుగా నిలబడే రోజులు చాలా తక్కువ. ఇలాంటిదాన్ని ఆకురాల్చే చెట్టు అని ఒక గడిలో, పచ్చచెట్టు అని ఇంకో గడిలో వేస్తే రెండూ తప్పే. వారాల సంఖ్య అయితే ఆ ఇబ్బంది లేదు.

తడి అడవిలో చెట్లన్నీ భద్రంగా ఉన్నాయని కూడా అనుకోవద్దు. 2012లో ప్రపంచమంతటా 81 చోట్ల 226 అడవి జాతుల కలప నీటినాళాల్ని కలిపి చూశారు. సుమారు 70 శాతం జాతులు గాలిబుడగలు నాళాల్ని మూసేసే హద్దుకి 1 మెగాపాస్కల్ లోపు దూరంలోనే బతుకుతున్నాయి. తడిచోటని లేదు, ఎండుచోటని లేదు. మీ గెడ్డ చెట్టు తన గెడ్డకి సరిపోయేటంతే తయారై ఉంది, గట్టుకి చాలేటంత కాదు.

పనస_తొన

ఆకు, కలప చుట్టూనే తిరుగుతున్నారు. పెద్దచెట్టు ఎండాకాలం ఎలా గట్టెక్కుతుందన్నది రెండో ప్రశ్న. గింజ గట్టెక్కిందా అన్నది మొదటిది.

గుగ్గిలం కాయ చూడండి. ఐదు రెక్కలు, సరిగ్గా తొలకరి ముందు రాలుతుంది. గింజలో నీరు ఎక్కువ, పైతొక్క పల్చన. ఆరితే చచ్చిపోతుంది. రాలిన వారం, పది రోజుల్లో తడి తగలాలి, లేకపోతే అంతే. పక్కనే టేకు కాయ గట్టి పెంకులో ఏడాది, రెండేళ్ళు పడుండి తీరిగ్గా మొలుస్తుంది. రెండూ ఆకురాల్చే అడవి చెట్లే, రెండూ పెద్ద మానులే. కానీ వాన ఎప్పుడు మొదలవుతుంది, మొదలయ్యాక మధ్యలో ఎన్నాళ్ళు ఆగిపోతుంది అన్నదానికి ఒకటి బానిస, ఇంకొకటి కాదు. మామిడి, నేరేడు టెంకలు కూడా ఆరితే చచ్చేవే. తడి అడవుల్లో దాదాపు సగం జాతుల గింజలు ఇలాంటివని లెక్క. ఎండు ప్రదేశాలకి వెళ్ళేకొద్దీ ఈ పాలు పడిపోతుంది.

పరీక్ష కష్టం కాదు. రాలిన రోజే ఏరండి. చెట్టు కింద నిన్నమొన్నవి కలిసిపోకుండా ముందురోజు సాయంత్రం గోనెపట్టాలు పరవండి. రంధ్రం ఉన్న కాయలు తీసెయ్యండి. నూటయాభై మంచివి చాలు. యాభై గింజలు వెంటనే తడి ఇసకలో పెట్టండి. మిగతా వంద నీడలో పళ్ళెంలో ఒకే పొరగా ఆరబెట్టి, రోజుకో పదిహేను చొప్పున ఇసకలోకి మార్చండి. మార్చే ప్రతిసారీ ఐదు గింజలు ముక్కలు కోసి 103 డిగ్రీల దగ్గర 17 గంటలు ఆరబెట్టి తేమ శాతం రాయండి. ముక్కలు చెయ్యకుండా పెద్ద గింజని ఓవెన్లో పెడితే లోపలి నీరు పోదు, తేమ తక్కువ చూపిస్తుంది. మొలకెత్తడం సగానికి పడిపోయిన తేమ శాతమే మీకు కావాల్సిన లక్షణం. పరీక్షకి వీలుపడని జాతులకి ఇంకో మార్గం: ఎండబెట్టిన గింజ మొత్తం బరువులో తొక్క పెంకుల బరువు ఎంత పాలో చూడండి. గింజ పెద్దదై, పెంకు పాలు తక్కువైతే అది ఆరితే చచ్చేదే అయ్యే అవకాశం ఎక్కువ. పనామాలో 104 జాతుల మీద కట్టిన సూత్రం ఇది.

పనామా అంటే గుర్తొచ్చింది. అక్కడ ఒక సముద్రం నుంచి ఇంకో సముద్రానికి 65 కిలోమీటర్ల దూరంలోనే తడి, ఎండు రెండూ దొరుకుతాయి. 2007లో 48 జాతుల మొలకలకి నీళ్ళు ఆపేసి, నీళ్ళు పోసినవాటితో పోల్చి ఎన్ని చచ్చాయో లెక్కపెట్టారు. ఆ ఒక్క అంకే ఆ జాతులు ఆ భూసంధి పొడవునా ఎక్కడున్నాయో, ఒకే ప్లాటు లోపల గుట్టమీదున్నాయా వాలులో ఉన్నాయా కూడా చెప్పింది. 2013లో అక్కడే 550 జాతులు చూసినప్పుడు ఎండాకాలం తీవ్రతా, నేలలో భాస్వరమూ అన్నిటికన్నా గట్టిగా తేలాయి. కాబట్టి మీరు నేల పరీక్షకి పంపేటప్పుడు నత్రజనితో ఆపెయ్యకండి.

మొలకల్ని లెక్కపెట్టారా? 10 సెం.మీ. దాటిన మానులు ముప్పై, యాభై ఏళ్ళ కిందటి వానల సంగతి చెప్తాయి. ప్లాటుకి పది చొప్పున 1×1 మీటరు గడులు వేసి అక్టోబరులో ఒకసారి, జూన్ మొదట్లో ఒకసారి లెక్కపెట్టండి. రెండు లెక్కల మధ్య చచ్చినవే మీ ఎండాకాలం.

ఇంకొకటి, చేరలేకపోవడం వేరు, చేరి బతకలేకపోవడం వేరు. పెద్ద టెంక ఉన్న చెట్టు ఫలానా గెడ్డలో లేదంటే వాతావరణం కుదరలేదనే అర్థం కాదు. మోసుకొచ్చే జీవి లేకపోయి ఉండొచ్చు. ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్ ఉత్తరాన పెద్ద కాయల్ని కాసోవరీ మింగి దూరంగా వదుల్తుంది. అదే ఖండంలో కింద న్యూసౌత్‌వేల్స్ వానడవుల్లో ఆ పక్షి లేదు. 3 సెం.మీ. మించిన కాయలున్న చెట్లు అక్కడ పాత లోయల్లోనే ముడుచుకుని ఉంటాయి. మన దగ్గర హార్న్‌బిల్, పావురం జాతులు, పునుగు పిల్లులు, ఏనుగు తిరిగే లోయలేవో, అవి కనబడని లోయలేవో ఊరివాళ్ళనడిగి ప్లాటు పట్టికలో ఒక నిలువు వరస పెట్టుకోండి.

డొంగరు_పోడు

పనామా, పడమటి కనుమలు, ఆస్ట్రేలియా అన్నీ బాగున్నాయి. ఆ వానడవుల్లో అంతగా లేనిది మన దగ్గర ఒకటుంది: ఏటేటా వచ్చే నిప్పు. గట్టు మీద పోడు కొట్టి వదిలేసిన నేల, ఇప్పపువ్వు ఏరుకోవడానికి కింద ఆకులు కాల్చిన నేల, వీటిని లెక్కలోకి తీసుకోకుండా అంతా ఎండ తీవ్రతే అంటే పప్పులో కాలేసినట్టే. గెడ్డలో నేల తడిగా ఉంటుంది, నిప్పు ఆగిపోతుంది. అంటే తడి, నిప్పు రెండూ ఒకే గీత మీద మారుతున్నాయి. నల్లమద్ది గట్టు మీద ఉన్నది ఎండకి ఓర్చినందుకా, మంటకి ఓర్చినందుకా?

దీన్ని విడదీసే లక్షణం బెరడు మందం. ఛాతీ ఎత్తున మాను చుట్టూ నాలుగు వైపులా చిన్న ఉలితో ఒక సెంటీమీటరు చదరం తీసి, కలప తగిలేదాకా కాలిపర్‌తో కొలవండి. ఆ గాటుకి మట్టి పూసెయ్యండి. మాను మందంతో పాటు బెరడు పెరుగుతుంది కాబట్టి జాతికి 5, 10, 20, 30 సెం.మీ. మానులు తీసుకుని, 10 సెం.మీ. మానుకి ఎంత ఉంటుందో గ్రాఫు మీంచి చదవాలి. పెద్దమానులు మాత్రమే కొలిస్తే అన్నీ దళసరిగానే కనబడతాయి, మంట చంపేది మాత్రం చిన్నవాటినే. లోపలి పొర ఉడికిపోయే సమయం బెరడు మందం వర్గం మీద ఆధారపడుతుంది. మందం రెండింతలైతే ఓర్చుకునే నిమిషాలు నాలుగింతలు. గెడ్డ చెట్ల బెరడు పల్చనైతే, గట్టు మీద నిప్పు రాని రాతి సందుల్లో వెతకండి. అక్కడ గెడ్డ జాతి మొక్క బతికి ఉంటే మీ సమాధానం సగం నిప్పే. అక్కడా లేకపోతే ఎండే.

పోడు ఆగి ఎన్నేళ్ళయిందో ప్లాటు ప్లాటుకీ రాయండి. పెద్దల్ని అడిగితే ఏ డొంగరు (కొండ) ఎప్పుడు వదిలారో చెప్తారు. ల్యాండ్‌శాట్ ఉపగ్రహం పాత చిత్రాలతో సరిచూసుకోవచ్చు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి గజపతిలో కొండచరియలు విరిగాయి, చెట్లు కూలాయి. ఆ గెడ్డల్లో ఇప్పుడున్న పల్చకలప చెట్లు తడి వల్ల కాదు, వెలుతురు వల్ల వచ్చినవి. కలప సాంద్రత గ్రాఫులో అవి మిమ్మల్ని మోసం చేస్తాయి.

రాయి సంగతి కూడా. నియంగిరి లాంటి కొండల నెత్తిన బాక్సైట్ టోపీ స్పంజిలా వాన పీల్చుకుని, అంచుల్లో ఊటలుగా వదుల్తుంది. ఆ ఊట గెడ్డలో మే నెలలో కూడా నీళ్ళుంటాయి. చార్నొకైట్ రాతి గెడ్డ జనవరికే ఎండుతుంది. రెండిట్నీ గెడ్డ అన్న ఒకే మాట కింద రాస్తే మీ డేటాలో తేడా కలిసిపోతుంది. ఏప్రిల్ ఆఖర్లో ప్రతి గెడ్డకీ వెళ్ళి నీరు పారుతోందా, మడుగులేనా, ఇసకే ఉందా అని మూడు రకాలుగా రాసుకోండి. ఒక్కరోజు పని.

ఏరుమద్ది

@డొంగరు_పోడు చెప్పిన ఊట సంగతికి నాది ఒప్పుదల. డీఈఎం (నేల ఎత్తుల మ్యాపు) నుంచి తీసే తడి సూచిక నీరు పైపైన ఎటు పారుతుందో చెప్తుంది గానీ రాతి లోపల ఏముందో దానికి తెలీదు. అయినా ఇస్రో భువన్ సైటులో దొరికే 30 మీటర్ల కార్టోడెమ్ అనే ఎత్తుల మ్యాపు తీసుకుని వాలు, ముఖం (వాలు ఏ దిక్కుకి చూస్తోందో), తడి సూచిక వెయ్యండి. నైరుతి ముఖం మధ్యాహ్నం ఎండ తింటుంది, ఈశాన్య ముఖం తినదు. ఆ తేడా ఒక్కోసారి నూటయాభై మీటర్ల ఎత్తుతో సమానం.

లెక్కల దగ్గరికొస్తే. ప్లాటు సగటు లక్షణం తీసి వాతావరణంతో సహసంబంధం చూసే పద్ధతి చాలా వ్యాసాల్లో ఉంది. అది లేని సంబంధాన్ని కూడా ఉన్నట్టు చూపిస్తుంది, ఎందుకంటే ఒకే జాతి పదిహేను ప్లాట్లలో మళ్ళీ మళ్ళీ లెక్కకొస్తుంది. అది వాడాలనుకుంటే ప్లాట్లని ఒకసారి, జాతుల్ని ఇంకోసారి విడివిడిగా తారుమారు చేసి పరీక్షించి, రెండు పీ విలువల్లో పెద్దదే తీసుకోండి. ఇంకా మంచిది ఆర్ అనే గణాంక ప్రోగ్రాములో జీఎల్‌ఎంఎం (జాతుల, ప్లాట్ల సొంత తేడాల్ని కూడా లెక్కలోకి తీసుకునే నమూనా): జాతి ప్లాటులో ఉందా లేదా అన్నది ఫలితం, లాగరు చెప్పిన గాలి లోటు, దాని వర్గం, లోటు×లక్షణం కారణాలు, ఒక్కో జాతికి వేరే వాలు, ఒక్కో ప్లాటుకి వేరే మొదలు. మీకు కావాల్సింది ఆ లోటు×లక్షణం గుణకం ఒక్కటే. 24 ప్లాట్లతో రెండు వాతావరణ అంకెలకి మించి మోయదు. 19 పొరలు వేశారని చదివినప్పుడే అడుగుదామనుకున్నాను.

ఆరు జతల లాగర్లే ఉంటే మిగతా ప్లాట్ల లోటుని తడి సూచిక, ముఖం, నీడ నుంచి అంచనా కట్టాలి. ఆ అంచనాలో తప్పు ఎంతో కూడా పట్టికలో చూపించండి.

గుణుపురం_గెడ్డ

చాలా థాంక్స్ అండీ అందరికీ. అటవీ శాఖ అనుమతిలో బెరడు గాట్లు లేవు, అది మళ్ళీ రాయించుకోవాలి. గుగ్గిలం కాయలు ఈ నెలాఖరుకే రాలతాయి కాబట్టి గింజ పరీక్ష ముందు పెట్టుకుంటున్నాం. ఒక్క అనుమానం మిగిలింది: జీలుగు ఆకు మొత్తం రెండు మూడు మీటర్లుంటుంది. దాన్ని స్కానర్‌లో ఎలా పెట్టాలి?

అడ్డాకు

మొత్తం పెట్టక్కర్లేదు. జీలుగు ఆకు రెండుసార్లు చీలిన ఆకు. చేప తోకలా ఉండే ఒక్కో చిన్నాకునే ఒక ఆకుగా లెక్కించండి. పెద్ద ఆకు మధ్యభాగం నుంచి ఐదు చిన్నాకులు, కొసవీ మొదలువీ వద్దు. మధ్య ఈనెలు, పెద్ద కాడ వేరుగా ఆరబెట్టి బరువు రాసిపెట్టుకోండి. కాడతో కలిపి లెక్కిస్తే ఎస్‌ఎల్‌ఏ చాలా తగ్గిపోతుంది. ఇంకెవరైనా అలా లెక్కించిన డేటాతో మీది పోల్చాల్సొస్తే ఆ బరువు కావాలి. పట్టికలో "చిన్నాకు" అని పక్కన రాయడం మర్చిపోకండి. కార్పు పరీక్షకి మాత్రం చిన్నాకు తెగినచోటు వెడల్పుగా ఉంటుంది, మైనం రెండు పూతలు వెయ్యండి.